పదకొండో బోరు

ఆదివారం రాత్రి ఎనిమిదికి
కళ్యాణదుర్గం బస్టాండు ఎదురుగా
నా జిరాక్స్ అంగడి షట్టరు సగం దించి
లోకాన్ని ముంచే పని మొదలుపెడతాను.

నోటుబుక్కు వెనకవైపు అప్పుల లెక్క,
ముందువైపు దండయాత్రలు.

ఒకటి. ఆకాశంలోంచి ఓడలేమీ దిగవు.
పసుపు చొక్కాలేసుకుని
సర్వేకొచ్చినోళ్ల మాదిరి వస్తారు.
గట్లమీద నంబరు రాళ్లు నాటి పోతారు.
రాత్రిళ్లు ఆ రాళ్లు ఒకదాన్నొకటి పిలుచుకుంటాయి.
(కొట్టేసినా. "ఇది అయిపోయింది గదప్పా"
అంటాడు కుళ్లాయప్ప.)

ఇంకోటి. కొండమీద గాలిమరలన్నీ
గాలి లేని పూట వెనక్కి తిరుగుతాయి.
చుట్టుకొక మాట చొప్పున
ఊరు మరిచిపోతూ వస్తుంది.
మొదట పోయేది "రేపు".
ఇది బాగుంది. దాచిపెట్టినా.

మరొకటి కలలో వచ్చింది:
వలిచిన చెనిక్కాయలో మూడో గింజ
కన్ను తెరిచి నన్నే చూస్తా ఉంది.
దాన్ని ఎట్ల ఓడించాలో తెలియక
లేచి నీళ్లు తాగినా.

కుళ్లాయప్ప ఆర్టీసీ కండక్టరు.
ఆటలో నిప్పుల మీద నడుస్తాడు,
మెరుపును టికెట్టు చింపినట్టు చింపుతాడు.
సెల్లులు బాగుచేసే దస్తగిరి
ఎవరికీ కనపడడు.
వాళ్లన్న ఇంట్లో గూడా అంతే.
గంగరత్న మాత్రం
అరచేతిలో టెంకాయ నిలబెట్టి
నేల కింద ఏముందో చెప్పే శక్తి కోరుకుంది.
"ఎగిరేది తీసుకోగూడదా?" అంటే
"ఎగిరి యాడికి పోవల్ల?" అంది.

ఈ రాత్రి నేను గొంతు తగ్గించి చెప్పినా:
అందరూ పైకి చూస్తాంటే
వాళ్లు కిందినుంచి వస్తాండారు.
ఎప్పుడో దిగినారు.
ఎండిపోయిన బోర్లలో
గొట్టానికొకడు, నిలబడే నిద్రపోతూ,
మూత తీసే చెయ్యి కోసం చూస్తాండారు.

కుళ్లాయప్ప నిప్పు రాజేసినాడు.
దస్తగిరి మాయమైనాడు, టీ గ్లాసుతో సహా.
గంగరత్న పాచిక ముట్టుకోలేదు.
"మా చేన్లో పదకొండో బోరు కాడికి పోతా."

దాంట్లో ఒకడున్నాడన్నా. గోళ్లున్నాయన్నా.
"ఉండనీ."
బండ పక్కకు జరిపింది,
గోనెపట్ట తీసింది,
గొట్టం పక్కన గొంతుక్కూర్చుని
లోపలికి అడిగింది:

"అయ్యా, ఆడ తడేమన్నా తగుల్తాందా?
మా నాయన ఇంకో నూరడుగులు పోనీమన్నాడు.
దుడ్లు చాల్లేదని
రిగ్గు బండోడు ఎత్తుకపోయినాడు.
ఆ నూరడుగుల కింద నీళ్లు ఉన్నెనా, లేకుండెనా?
అదొక్కటి చెప్పు.
తర్వాత లోకాన్ని ఏమన్నా చేసుకో."

పేజీ తిప్పినా.
వాని విషం రాసుకున్నా,
మూడు గుండెలు రాసుకున్నా,
వాని భాషకు పద్దెనిమిది అక్షరాలు గీసుకున్నా.
జవాబు రాసుకోలేదు.
తిప్పితే వెనక అప్పుల లెక్క వచ్చింది.

"పాచిక వెయ్యి" అన్నా.
"పది దాటితే ఉన్నెనంటాడు.
దాటకపోతే..."
ఆ మాట సగంలో నిలిపేసినా.

బెంగళూరు నుంచి తెప్పించిన
ఇరవై ముఖాల పాచికను
చెవి కాడ పెట్టుకుని ఆడించింది,
కాయలో నీళ్లున్నాయేమో చూసినట్టు.
వేసింది.
అది బల్ల మీద నిలవలేదు.
ఎగిరి, దొర్లి,
జిరాక్స్ మిషన్ కిందికి దూరింది.

నలుగురం బోర్లా పడుకున్నాం.
చెంపలకు నేల చల్లగా తగిలింది.
సెల్లు వెలుగులో
దుమ్ము, ఒక పిన్ను,
ఎవరిదో పాస్‌పోర్టు ఫోటో.
అదిగో, గోడ మొదట్లో ఆగుంది.
పై ముఖం మాత్రం నీడలో.

నేను చెయ్యి చాపినా.
"ముట్టొద్దు" అంది గంగరత్న.
"తగిల్తే తిరుగుతాది."